పుర్రచేతి రందా

రాణీగంజ్‌ల సుత్తి కావాలంటే
తయ్యబలీ సేటు "ముందు చెయ్యి చూపియ్యమ్మా" అన్నడు.
కుడి చెయ్యి చాపిన.
"అది కాదు, పని చేసేది."
సంచి ఏ చేతుల ఉన్నదో చూసిండేమో.
జర సిగ్గుతోని ఎడమది తీసిన.

జాతకం చెప్తడనుకున్న.
అద్దాలు ముక్కు మీదికి జార్చి, ముట్టకుండనే చూసి,
లోపలికి మొగం తిప్పి కేకేసిండు:
"పావు కిలోది తే. పెద్దది వద్దు."

నాలుగు ఉలులు, ఒక గుణ్యా, ఒక పట్టకారు,
అరగుండ్రటి ఆకురాయి,
మూడు మీటర్ల టేపు
("ఐదు మీటర్లదా? ఏం కొలుస్తవ్, మొగులునా?")
అన్నీ పాత ఉర్దూ పేపర్ల చుట్టిచ్చిండు.
"సస్తాది కొంటే రెండుసార్లు కొంటవ్" అనుకుంటనే
ఒక సస్తా డ్రిల్లు అంటగట్టిండు.

ముప్పై ఒక్క ఏండ్లు వాటర్ బోర్డుల
మంది ఇండ్ల నీళ్లు లెక్కగట్టిన.
ఒక్క చుక్క తడి నా చేతికి తగల్లే.
రిటైరైననాడు శాలువా కప్పి గోడ గడియారమిచ్చిన్రు.
మొల ఊడి అది కింద పడ్డ దినమే
ఇంట్ల సుత్తి లేదని ఎరుకైంది.

రందా మాత్రం జుమేరాత్ బజార్ల దొరికింది.
చెవుల్లేని తాళాలు, తాళాల్లేని చెవుల నడుమ
గోనెపట్ట మీద బోర్ల పడి ఉన్నది.
వెనక ఉలితో చెక్కిన రెండక్షరాలు: వ. ఈ.
వడ్ల ఈరయ్యనో, ఇంకెవరో.
అమ్మెటోనికి తెల్వది.

పట్టి చూసిన.
ఎడమ పక్క, బొటనవేలు ఆనే కాడ
కట్టె పల్లం పడ్డది.
ఎన్ని దర్వాజలు, ఎన్ని మంచం కోళ్లు నున్నగైతే
ఒక వేలు టేకు కట్టెను అంతగనం తింటది?

నా వేలు సీదా పోయి అండ్ల కూసున్నది,
ఎవరో దస్తీ ఏసి ఆపిపెట్టిన బస్సు సీట్ల లెక్క.
మూడో తరగతిల సారు
స్కేలు అంచుతోని కొట్టి కొట్టి పని మాన్పిచ్చిన వేలు.

ఆరు వందలన్నడు. ఇచ్చేసిన.
బేరం చెయ్యలేదని ఆటోల యాదికొచ్చింది.

మల్కాజిగిరిల, మా మెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన
ప్లైవుడ్ పలక బిగిచ్చి
ఒక్కో పనిముట్టును ఆనిచ్చి చుట్టూ పెన్సిలు గీసిన.
హార్లిక్స్ సీసాల మూతలు అర అడుగుకు కొట్టి
స్క్రూలు నింపిన సీసాలను గబ్బిలాల లెక్క ఏలాడదీసిన.
మూడు దినాలు సర్దిన. నాలుగోనాడు అంత ఊడదీసిన.
రోజూ పట్టేది ఎడమకు,
ఎప్పుడన్న పట్టేది కుడికి.

మా మరిది పట్టకారు కోసం చెయ్యి పెడితే
రంపం తగిలింది.
"ఇదేం సర్దుడు వదినా, అంత ఉల్టా!"
నేనేమనలే.
యాభై ఏండ్లసంది నేను పట్టిన కత్తెరలన్ని
ఆయనకు సీదానే.

రందాకు గీత గియ్యలే.
అది ఏలాడేది కాదు.
పక్కకు పడుకోబెట్టాలె, పదును దేనికీ తగలకుండ.
సేటు ఫోన్ల చెప్పిండు.

మొన్న పీట చేసిన.
ఒక కాలు రెండు సూతులు పొట్టి.
పగటిపూట డ్రిల్లు సప్పుడేందని
అసోసియేషన్ సెక్రెటరీ మధుకర్ రావు కొట్లాటకొచ్చి
దాని మీదనే కూసోని, ఊగుకుంట తిట్టి,
చాయ తాగి,
పోయెటప్పుడు మెల్లగ
వాళ్లింట్ల మేజా సొరుగొకటి పట్టేస్తున్నదన్నడు.

ఆయన పోయినంక
పాత నీళ్ల బిల్లు నాలుగు మడతలు పెట్టి
పీట కాలు కింద దోపిన.
ఇంక జర ఊగుతున్నది.
ఇంకోటి తెస్త. బిల్లులకేం కరువు లేదు మా ఇంట్ల.